సెమినార్ గంటకు అటూ ఇటూ

అమెరికాలో చాలా యూనివర్సిటీల సైన్స్ విభాగాలకు సెమిస్టర్ పొడుగునా దాదాపు వారానికొక అతిథి వస్తారు. ఆ శాస్త్రవేత్త యాభై నిమిషాలు స్లైడ్లు చూపించి మాట్లాడతారు, తర్వాత ప్రశ్నలు. పోస్టర్ మీద కనిపించేది ఆ గంట ఒక్కటే. పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తర్వాత ఒక ప్రొఫెసర్ దగ్గర తాత్కాలికంగా చేసే పరిశోధన ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకు నన్ను సెమినార్ కమిటీలో వేశారు. పని పెరిగింది, జీతం పెరగలేదు. కానీ ఆ గంట కన్నా మిగతా రోజే ఎక్కువ విలువైనదని అక్కడే తెలిసింది.

అతిథి పొద్దున్నుంచీ అరగంటకొకరి చొప్పున మా ప్రొఫెసర్లను కలుస్తూ తిరుగుతారు. మధ్యాహ్నం విద్యార్థులతో కలిసి భోజనం, సాయంత్రం ఉపన్యాసం, రాత్రి పిలిచినవాళ్లతో డిన్నర్. ఆ అరగంట స్లాట్ల కోసం ముందే ఒక షీట్ అందరికీ పంపుతాం. మా దగ్గర అందులో పోస్ట్‌డాక్‌లు కూడా పేరు రాసుకోవచ్చు. మనవాళ్లు రాయరు. "అంత పెద్దాయనతో అరగంట నేనేం మాట్లాడతాను?" అంటారు. ఇక్కడ పుట్టి పెరిగిన పీహెచ్‌డీ విద్యార్థులు మాత్రం మొదటి ఏడాదిలోనే నిక్షేపంగా రాసేసుకుంటారు.

ఈ మొహమాటం వల్ల వాళ్లకంటే మనకే ఎక్కువ నష్టం. కొత్తగా వచ్చినవాడికి ఈ దేశంలో సిఫారసు ఉత్తరం రాయగలిగినవారు చాలాసార్లు తన బాస్ ఒక్కరే. ఉద్యోగం బాస్ గ్రాంటు మీద, వీసా ఉద్యోగం మీద ఆధారపడి ఉంటాయి. గ్రాంటు అయిపోతోందంటే టెన్షన్ మొదలైనట్టే. ఏ ల్యాబ్‌లో మనిషి కావాలో ప్రకటన రాకముందే చెవిన పడేది ఇలాంటి అరగంటల్లోనే. ఉపన్యాసం బాగుందని చెప్పడానికి వెళ్లక్కర్లేదు. చేస్తున్న పని ఐదు నిమిషాల్లో చెప్పి, ఎక్కడ ఆగిపోయామో చెప్పి సలహా అడిగితే చాలు. చాలామంది అతిథులకు రోజంతట్లో ఓపిక వచ్చేది అప్పుడే. అప్పటిదాకా ప్రొఫెసర్లు సొంత గొప్పలు చెప్పి విసిగించి ఉంటారు.

1928లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్ మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వచ్చి మాట్లాడారు. అక్కడ చదువుతున్న, తర్వాత నోబెల్ అందుకున్న సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఉపన్యాసం విని ఊరుకోకుండా, ఆయన బస చేసిన హోటల్‌కి వెళ్లి కలిశారు. నువ్వు చదువుకున్న పరమాణు సిద్ధాంతం పాతబడిపోయిందని సోమర్‌ఫెల్డ్ మొహం మీదే చెప్పేసి, లోహాల్లోని ఎలక్ట్రాన్ల మీద తను రాసిన, ఇంకా అచ్చు కాని వ్యాసం ప్రూఫులు ఇచ్చారు. ఎలక్ట్రాన్ల లాంటి కణాలు గుంపుగా ఎలా ప్రవర్తిస్తాయో చెప్పే ఫెర్మి-డిరాక్ గణాంకాలు చంద్రశేఖర్‌కి పరిచయమైంది అలాగే. 1930లో ఇంగ్లండ్ వెళ్లే ఓడలో తెల్ల మరుగుజ్జుల మీద, అంటే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రాల మీద ఆయన వేసిన లెక్కలకు ఆధారం ఆ గణాంకాలే. ఆ రోజు హాల్లో కూర్చుని విన్నవాళ్లు ఇంకెందరో ఉండి ఉంటారు. హోటల్ తలుపు తట్టినవాడి వయసు పద్దెనిమిది.

ఉపన్యాసం తర్వాత ప్రశ్నల్లోనూ ఇదే సంగతి. 10 దేశాల్లో దాదాపు 250 సెమినార్లను గమనించి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఆడవాళ్లతో పోలిస్తే మగవాళ్లు ప్రశ్న అడిగే అవకాశం రెండున్నర రెట్లకు పైగా ఉందని తేలింది. మొదటి ప్రశ్న మగవాళ్లు అడిగితే ఆ తేడా ఇంకా పెరిగింది. వలస వచ్చినవాళ్ల లెక్క అందులో లేదు, కానీ మా హాల్లో వెనక వరసలు చూస్తే నాకు లెక్క అక్కర్లేదు. అందుకే నేను అధ్యక్షత వహించే రోజు మొదటి ప్రశ్న విద్యార్థులకే వదిలేస్తాను. కాసేపు ఎవరూ మాట్లాడరు. ముందు వరసలో సీనియర్లు ఇబ్బందిగా కదులుతారు. కదలనీ.

కమిటీలో నన్ను ఎక్కువ తిప్పలు పెట్టేవి డబ్బు కాగితాలు. అతిథికి ఇచ్చే చిన్న గౌరవ పారితోషికం వెనక పెద్ద వీసా వ్యవహారం ఉంటుంది. విదేశం నుంచి బీ-1 అనే తాత్కాలిక సందర్శకుల వీసా మీద వచ్చేవాళ్లు పారితోషికం తీసుకోవచ్చు, కానీ ఒక్కో సంస్థలో 9 రోజులు మించకూడదు, 6 నెలల్లో 5 సంస్థలు దాటకూడదు. జే-1 అనే ఎక్స్ఛేంజ్ వీసా మీద ఇక్కడే పనిచేస్తున్నవాళ్లయితే వాళ్ల యూనివర్సిటీ అధికారి నుంచి ముందుగా రాతపూర్వక అనుమతి తేవాలి. హెచ్-1బీ ఉద్యోగ వీసా వాళ్లకు ఆ దారి కూడా లేదు, పిటిషన్ వేసిన యజమాని దగ్గర తప్ప ఇంకెక్కడా సంపాదించకూడదు. అంటే ఇదే దేశంలో ఏళ్ల తరబడి పన్నులు కడుతున్న మనిషికి ఇవ్వలేని డబ్బు, నిన్న విమానం దిగిన మనిషికి ఇవ్వొచ్చు.

అందుకని ఆహ్వానం పంపే మొదటి మెయిల్‌లోనే ఏ వీసా అని అడిగేస్తాను. అలా అడగడం మొరటుగా ఉందని ఒక ప్రొఫెసర్ అన్నారు. వచ్చి, మాట్లాడి, తిరిగి వెళ్లిపోయిన మనిషికి చెక్కు ఆగిపోయిందని రాయాల్సి వస్తే ఆ మెయిల్ మీరు రాయండి అన్నాను. ఇప్పుడు ఆ ప్రశ్న మా ఆహ్వానం నమూనాలోనే ఉంది.