గురువు దగ్గర తొలి లాంగ్‌రైఫిల్: పిల్లలు అడిగితే మనం తెలుసుకోవాల్సినవి

పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లలు ఫ్లింట్‌లాక్ రైఫిల్ (చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే పాతకాలపు తుపాకీ) చేయడం నేర్చుకుంటామంటే అమెరికాలోని మన ఇళ్లలో ముందు పుట్టేది భయం. మూతి వైపు నుంచి మందు దట్టించే తుపాకీ అనగానే మనకు నాటు తుపాకీ, అడవి జంతువుల వేట కేసులే గుర్తొస్తాయి. పెన్సిల్వేనియాలో ఆ పనికి వేరే చరిత్ర ఉంది. 18వ శతాబ్దంలో లాంకస్టర్ చుట్టుపక్కల స్థిరపడిన జర్మన్ పనివాళ్లు తమ దేశపు పొట్టి, లావు యేగర్ (వేటగాళ్ల) రైఫిల్‌ను ఇక్కడి అడవులకు తగ్గట్టు సన్నగా, పొడుగ్గా మార్చారు. అదే లాంగ్‌రైఫిల్. వాళ్లలో పేరున్న జాకబ్ డికర్ట్ చిన్నతనంలోనే జర్మనీ నుంచి వచ్చినవాడు. వలస కుటుంబాల చేతుల్లో పెరిగిన విద్య ఇది. మన పిల్లలు ఈ నేలతో బంధం కలుపుకోవడానికి ఇంతకంటే మంచి పనిబల్ల దొరకదని గట్టిగా నమ్ముతాను. అయితే పని ఎలా సాగుతుందో తల్లిదండ్రులకు తెలిసి ఉండాలి.

గురువును ఎంచుకోవడమే సగం పని. 1933లో పుట్టిన నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ (మూతి నుంచి మందు దట్టించే తుపాకుల అభిమానుల సంఘం) కేంద్రం ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్‌లో ఉంది. అక్కడి సభ్యులను అడిగితే దగ్గర్లో నేర్పేవాళ్లు తెలుస్తారు. పూర్తిగా చేత్తో పని ఎలా జరుగుతుందో చూడాలంటే వర్జీనియాలో 18వ శతాబ్దపు ఊరిని చూపే కలోనియల్ విలియమ్స్‌బర్గ్ మ్యూజియంలోని గన్‌స్మిత్ షాపుకు పిల్లల్ని తీసుకెళ్లండి. మంచి గురువు మొదటి రోజు ఉలి పదును పెట్టడం తప్ప ఇంకేం నేర్పడు. పిల్లల చేతిలోంచి పనిముట్టు లాక్కుని తానే చేసేయడు. మైనర్ పిల్లలున్నప్పుడు షాపులో తల్లో తండ్రో కూర్చుంటామంటే అభ్యంతరం చెప్పేవాడైతే అక్కడికి పంపకండి.

తొలి రైఫిల్‌కు స్టాక్ (తుపాకీ చెక్క భాగం) ముందే గరుకుగా చెక్కి ఉన్న పార్ట్స్ సెట్ సరిపోతుంది. 45 లేదా 50 క్యాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం, అంగుళంలో నూరో వంతుల్లో), 42 అంగుళాల ఎనిమిది పలకల బ్యారెల్ (గొట్టం), చారల మేపుల్ చెక్క. ప్యాచ్ బాక్స్ (స్టాక్‌లో గుడ్డముక్కలు దాచుకునే మూతపెట్టె), నగిషీ లేని సాదా నమూనా. అలాంటిదానికి కూడా కొత్తవాళ్లకు వంద గంటలు దాటడం మామూలే. పావు అంగుళం, అర పావు అంగుళం ఉలులు, రెండు మూడు ఆకురాళ్లు, ఒక అర్ధచంద్రాకారపు రాస్ప్ (చెక్కను అరగదీసే గరుకు ఆకురాయి), ఉక్కు స్క్రేపర్లు, దవడలకు తోలు వేసిన వైస్ ఉంటే చాలు.

ముందు బ్యారెల్ కూర్చోవాలి. ఇనుముకు పలుచగా మసి పూసి, స్టాక్‌లో నొక్కి తీస్తే చెక్క మీద ఎక్కడ నల్లబడిందో అక్కడ మాత్రమే గీకాలి. ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి కాటుక పట్టినట్టే మసి పట్టి, రెండు చుక్కల నూనె కలిపితే ఈ పనికి చక్కగా సరిపోతుంది. బామ్మకు తెలిసిన విద్య ఇక్కడ పనికొస్తుందని పిల్లలకు తప్పక చెప్పండి. బ్యారెల్ వెనుక ముఖం చెక్కకు పూర్తిగా ఆనాలి. అక్కడ సందు మిగిలితే కాల్చినప్పుడు వచ్చే తోపుడంతా ట్యాంగ్ (బ్యారెల్ వెనుక తోక) స్క్రూ మీద పడి, స్టాక్‌లో అన్నిటికంటే సన్నని మణికట్టు భాగం చీలుతుంది. చెక్క కొనేటప్పుడే ఆ భాగంలో నార పొడవునా సాగిందో లేదో చూడమనేది అందుకే.

తర్వాత లాక్, అంటే నిప్పురవ్వ పుట్టించే యంత్రాంగం. దాని చోటును నిర్ణయించేది అందం కాదు, టచ్ హోల్, అంటే నిప్పు లోపలి మందుకు చేరే చిన్న రంధ్రం. ఆ రంధ్రం ప్యాన్ (బయట కొద్దిగా మందు పోసే గిన్నె) పై అంచు మట్టంలో, బ్రీచ్ ప్లగ్ (బ్యారెల్ వెనుక చివరను మూసే మర) ముఖానికి ముందు పడాలి. ఈ రెంటిలో ఏది తప్పినా ప్యాన్‌లో మందు భగ్గుమంటుంది, లోపలి మందు అంటుకోకపోవచ్చు. రంధ్రం వేయడం, బ్రీచ్ ప్లగ్ ముట్టుకోవడం గురువు పని, పిల్లలది కాదు. లాక్ గూడు తవ్వేటప్పుడు స్ప్రింగులు, టంబ్లర్ (కాక్‌తో పాటు లోపల తిరిగే ముక్క; కాక్ అంటే చెకుముకి రాయిని పట్టుకునే సుత్తి) తిరిగే చోట వెంట్రుకవాసి ఖాళీ వదలాలి. జనవరిలో చక్కగా ఆడిన లాక్ జులై ఉక్కలో పట్టేసిందంటే చెక్క ఉబ్బి టంబ్లర్‌ను ఒరుసుకుంటోందని అర్థం.

కొత్తవాళ్లను ఎక్కువగా ఏడిపించేది ముందు లాక్ బోల్టు. అది బ్యారెల్ అడుగుకూ రామ్‌రాడ్ (మందు, గుండు దట్టించే కర్ర) రంధ్రానికీ నడుమ దూరాలి. అక్కడున్న చెక్క సుమారు 3 మిల్లీమీటర్లే. రామ్‌రాడ్ రంధ్రం వేసిన పొడుగు డ్రిల్లు లోపల దారి తప్పి ఉండొచ్చు కాబట్టి ఆ రంధ్రం నిజంగా ఎక్కడుందో కొలవకుండా బోల్టుకు తొలవకూడదు.

ట్రిగర్ దగ్గర రాజీ వద్దు. కాక్ పూర్తిగా ఎక్కి ఉన్నప్పుడు ట్రిగర్‌కు సియర్‌ను (కాక్‌ను పట్టి ఆపే కొక్కెం) తాకని కొద్దిపాటి ఖాళీ ఆట ఉండాలి. తాకుతూ ఉంటే కాక్ నిలవక దానంతటదే పడుతుంది.

లోహం అమరాక స్టాక్ ఆకారం. బాగా చదివే పిల్లలు ఇక్కడే ఆగిపోతారు, ఇంకా తీస్తే పాడవుతుందేమోనన్న భయంతో. కొత్తవాళ్ల రైఫిళ్లన్నీ లావుగా కనిపించేది ఇందువల్లే. పాత రైఫిళ్లలో బ్యారెల్ పక్కన చెక్క కూడా సాధారణంగా 3 మిల్లీమీటర్లకు మించదు. చారల మేపుల్‌ను ఉలితో ఎదురు నారలో కోస్తే పెచ్చులు లేస్తాయి. రాస్ప్, ఆపైన స్క్రేపర్ వాడాలి. "బానే ఉందిలే, త్వరగా కానీ" అని మనం ఇంటి దగ్గర ఒత్తిడి పెట్టకూడదు. మార్కుల లెక్క ఇక్కడ నడవదు.

రంగుకు ఆక్వా ఫోర్టిస్ వేస్తారు. అందులో ఉన్నది నైట్రిక్ ఆమ్లం. ఇంట్లో కలపకుండా తయారుగా దొరికేది కొని, ఆరుబయట, గ్లవ్స్, కళ్లద్దాలతో పూయాలి. హీట్ గన్ చూపితే చెక్క పచ్చబారి, ఆపై ఎర్రని గోధుమరంగుకు తిరుగుతుంది. తినే సోడా నీళ్లతో ఆమ్లాన్ని చల్లార్చకపోతే లోపల పని చేస్తూనే ఉంటుంది. లిన్సీడ్ నూనె తుడిచిన గుడ్డలు ముద్దగా పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి. నీళ్లలో తడిపి బయట పరచండి. సీసం గుండ్లు పోత పోసే చోట పిల్లల్ని ఉంచకండి.

పూర్తయిన రైఫిల్‌ను గురువు పరీక్షించి, బెంచికి కట్టి, దూరం నుంచి తాడుతో మొదటి కాల్పులు జరపాలి. పాతకాలపు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) తప్ప పొగలేని ఆధునిక మందు ఎప్పుడూ వాడకూడదు, బ్యారెల్ పేలిపోతుంది. ఇంటికి వచ్చాక రైఫిల్‌కు తాళం వేసి, చెవి మన చేతిలోనే ఉంచుకోవాలి. జీవహింస పడని ఇంటి పిల్లలు కాగితపు గురికి పరిమితం కావచ్చు. ఈ విద్య వేటను కోరదు.

చట్టం దగ్గర తొందర వద్దు. 1968 నాటి ఫెడరల్ చట్టం ఇలాంటి నమూనాను పురాతన ఆయుధంగానే చూస్తుంది. రాష్ట్రాల నిబంధనలు వేరు, న్యూజెర్సీలో చాలా కఠినం. హెచ్‌1బీ, హెచ్‌4 మీద ఉన్నవాళ్లు మొదలుపెట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగాలి. లాక్ ముక్కైనా సరే స్కూలు బ్యాగులోకి పోకూడదు. బ్లాక్ పౌడర్ విమానంలో ఏ బ్యాగులోనూ చెల్లదు. భారతదేశంలో ఇలాంటి తుపాకీకీ ఆయుధ చట్టం కింద లైసెన్సు కావాలి కనుక ఊరికి తీసుకెళ్లే ఆలోచనే వద్దు.

దసరాకు ఉలులు, ఆకురాళ్లు, ఖాళీ బ్యారెల్ ఆయుధపూజలో పెట్టడం చక్కని సంగతి. తడి పసుపు కుంకుమ మాత్రం మెరుగు పెట్టిన ఇనుము మీద రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి తుప్పు మచ్చ పడుతుంది. పూజ కాగానే తుడిచి నూనె రాయండి.

చేసినవాళ్లు బ్యారెల్ పై పలక మీద పేరు చెక్కడం ఆనవాయితీ. తెలుగులో చెక్కాలని పిల్లలకు ఉంటే ప్రోత్సహించండి. ముప్పాతిక పైన అర పావు అంగుళం బ్యారెల్‌కు ఒక్కో పలక వెడల్పు 9 మిల్లీమీటర్లు. ఒత్తులున్న పేరైతే అక్షరం ఎత్తు 4 దాటకూడదు, లేదంటే ఒత్తుకు చోటుండదు. ఇంగ్లీషు గీతల కంటే మన గుండ్రాలు కష్టం. గ్రేవర్‌ను (లోహంపై చెక్కే సన్నని ఉలి) తిప్పకుండా వైస్‌నే తిప్పుతూ ముందు ఇత్తడి రేకు మీద సాధన చేయాలి. బ్యారెల్‌కు బ్రౌనింగ్ (గోధుమరంగు పూత) పెట్టకముందే ఈ పని పూర్తి కావాలి. తర్వాత చెక్కితే కోత తెల్లగా మెరుస్తూ మిగిలిపోతుంది.