నూరు కుర్చీల సభకు ముప్పై ఒక్క రోజులు: నా అనుభవం

మా బస్తీలో ఉన్న పెద్దవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి, నిజాం హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలిసిన 1948లో వాళ్లు కళ్లారా చూసింది చెప్పించి రికార్డు చేద్దామనుకున్నాం. ఒక మైకు, నూరు కుర్చీలు, అందరికీ టీ, అంతే మా సభ. దీనికి పోలీసు పర్మిషన్ కోసం 2024 ఆగస్టు 21న దరఖాస్తు పెడితే కాగితం చేతికొచ్చింది సెప్టెంబర్ 21 రాత్రి ఎనిమిది గంటలకు, అంటే సభకు ముందు రోజు. ఈ ముప్పై ఒక్క రోజుల్లో ఏం జరిగిందో రాస్తున్నాను, ఎందుకంటే హైదరాబాద్‌లో ఏ పార్టీ అండా లేకుండా చిన్న సభ పెట్టుకోవాలనుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది, పైగా ఇది నాలో ఇంకా చల్లారలేదు.

మాది మూసీకి ఉత్తరాన ఉన్న ఒక పాతకాలపు బస్తీ. నేను స్కూల్లో సోషల్ చెప్తాను, సాయంత్రం ఇంకో నలుగురితో కలిసి చిన్న రీడింగ్ రూమ్ నడుపుతాను. మా వీధి చివర ఒక అవ్వ ఉంటుంది, 86 ఏళ్లు, బైరాన్‌పల్లి పక్క ఊరు. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం సైన్యం బైరాన్‌పల్లి మీద పడి ఊచకోత కోసినప్పుడు ఆమెకు పదేళ్లు. ఆమె ఇంటికి రెండు గల్లీల అవతల సైకిల్ రిపేర్ షాపు పెట్టుకున్న చాచా ఉంటాడు, ఆయనది బీదర్ జిల్లా. సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చి 17కల్లా నిజాం లొంగిపోయాక, ఆ పక్క జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యల్లో ఆయన తండ్రి పోయాడు. అప్పుడు కేంద్ర ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ, మొత్తం చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలని రాసింది. ఆ నివేదిక పూర్తిగా జనం కంటపడటానికి 2013 దాకా పట్టింది. మా పిల్లలకు ఈ రెండు కథలూ తెలియవు, తెలిసిన ఇంట్లో ఒకటే తెలుసు. రెండూ ఒకే గదిలో, ఒకే సాయంత్రం వినిపించాలన్నది మా కోరిక.

మొదట తేదీ సెప్టెంబర్ 17 అనుకున్నాం. అది మా పొరపాటేనని ఒప్పుకుంటాను. ఆ ఏడాది సరిగ్గా 17నే గణేశ్ నిమజ్జనం, ముందు రోజు మిలాద్ ఉన్ నబీ, ఆ ఊరేగింపును 19కి మార్చుకున్నారు. నగరంలో ఉన్న ప్రతి కానిస్టేబులూ రోడ్డు మీదే ఉంటాడు. ఆ మాట స్టేషన్‌లో ఎస్ఐ గారు చెప్పగానే 22 ఆదివారానికి మార్చాం. కానీ అసలు చిక్కు తేదీ దగ్గర లేదు.

దరఖాస్తులో సభ దేని గురించి అని రాయాలి కదా. నేను ‘1948 జ్ఞాపకాలు’ అని రాశాను. ఎస్ఐ గారు మర్యాదస్తుడే, కూర్చోమని నీళ్లిచ్చారు, కాగితం చదివి, "మేడమ్, మీరు విమోచనం వాళ్లా, విలీనం వాళ్లా?" అని అడిగారు. రెండూ కాదు సార్, ముసలివాళ్లు మాట్లాడతారు అన్నాను. "అట్ల కాదు, పైన అడుగుతారు, ఏదో ఒకటి ఉండాలి" అన్నారు. ఆయన తప్పు లేదు. సెప్టెంబర్ 17కి మనం పెట్టుకున్న పేర్లు చూడండి: ఒకరికి విమోచనం, ఒకరికి విలీనం, ఇంకొకరికి విద్రోహం. 2022లో కేంద్రం ఒక పేరుతో, రాష్ట్రం ఇంకో పేరుతో ఒకే రోజు, ఇదే నగరంలో ఉత్సవాలు చేశాయి. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. పేరు చెప్తే పార్టీ తెలుస్తుంది, పార్టీ తెలిస్తే ఎంత బందోబస్తు కావాలో తెలుస్తుంది. ఏ పేరూ లేని సభకు వాళ్ల దగ్గర లెక్క లేదు. ఆ గడిలో ఒక్క మాట మార్చమని నన్ను మూడుసార్లు అడిగారు, నేను మార్చలేదు. మొండితనంతో కాదు, విమోచనం అని రాస్తే చాచా రాడు, విద్రోహం అని రాస్తే అవ్వ రాదు.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్లండి, రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. మొదటి రోజు స్టేషన్‌లో కాగితాలు చూసుకునే రైటర్ గారు "అక్కడ పెట్టి వెళ్లండి" అంటే పెట్టి వచ్చేశాను. వారం తర్వాత వెళ్తే ఆ కాగితం కనబడలేదు, మళ్లీ కొత్తది రాసివ్వాల్సి వచ్చింది. మా దగ్గర స్టాంపు ఉన్నది ఆ రెండో దరఖాస్తుకే, ఆగస్టు 28 తేదీతో. తర్వాత నడిచిన కథంతా ఆ స్టాంపు బలం మీదే నడిచింది. ఇంకోటి, బస్తీ కమ్యూనిటీ హాలు తాళం చెవి పోలీసు పర్మిషన్ చూపిస్తేనే ఇస్తారు, పోలీసులేమో హాలు వాళ్ల సమ్మతి పత్రం తెస్తేనే ఫైలు కదులుతుంది అన్నారు. ఈ రెండింటి మధ్య నాలుగు రోజులు తిరిగాక, ‘పోలీసు అనుమతికి లోబడి హాలు ఇస్తాం’ అని ఒక వాక్యం రాయించుకోవచ్చని ఒక లాయర్ స్నేహితురాలు చెప్పింది. ఆ ఒక్క వాక్యంతో పని అయింది.

ఆ తర్వాత పోలీసుల నిఘా విభాగం, స్పెషల్ బ్రాంచ్ నుంచి ఒకాయన ఇంటికి వచ్చారు. మాట్లాడేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ కాపీలు, ఒక్కొక్కరు ఏం మాట్లాడతారో అర పేజీ రాసి ఇవ్వమన్నారు. అవ్వ దగ్గరికి వెళ్లి ఆధార్ కార్డు అడిగితే ఆమె ముఖం మారిపోయింది. "నేనేం తప్పు చేసిన బిడ్డా, నా కార్డు ఠాణకు ఎందుకు పోవాలె?" అంది. నేను సర్ది చెప్పబోయాను కానీ నోట మాట రాలేదు. నిజాం కాలపు ఊరి పోలీస్ పటేలు గడప ముందు నిలబడితే ఇంట్లో మగవాళ్లు వెనక గోడ దూకి పోయిన రోజులు ఆమెకు ఇంకా గుర్తే, డెబ్బై ఆరేళ్ల తర్వాత ఆ రోజుల గురించి మాట్లాడటానికే మళ్లీ ఠాణాకు పేరు ఇవ్వాలని చెప్తున్నది నేను, ఆమె మనవరాలికి పాఠం చెప్పే టీచర్ని. చాచా కార్డు తీసి ఇచ్చాడు కానీ, "బేటీ, ఏం చెప్తనో రాసి ఇమ్మంటే ఎట్ల? ఇంతవరకు నేను ఎవరికీ చెప్పలేదు, నోరు తెరిస్తే గదా నాకైనా తెలిసేది" అన్నాడు. ఆ అర పేజీలు నేను రాయలేదు. పేర్లు, ఆధార్ కాపీలు మాత్రం ఇచ్చాను, అవ్వ ఒప్పుకున్నాకే.

సెప్టెంబర్ 12న స్టేషన్ నుంచి ఫోన్, ఈసారికి వద్దు మేడమ్, పండుగలయ్యాక చూద్దాం అని. కాగితం మీద రాసివ్వండి అంటే, రాసేదేముంది, చెప్తున్నాం కదా అన్నారు. ఆ రాత్రి ఎంత టెన్షన్ పడ్డానో. టెంటు అతనికి అడ్వాన్స్ ఇచ్చేశాం, అవ్వ పెద్ద కొడుకు ఊరి నుంచి వస్తానన్నాడు. నోటితో వద్దంటే ఎవరి మీదా అప్పీలు చేయలేం, ఆ మాటకు సంతకం ఉండదు, కారణం ఉండదు.

అప్పుడు కూర్చుని అసలు వాళ్లు ఏ చట్టం కింద అడుగుతున్నారో చదివాను. హైదరాబాద్ నగర పోలీసు చట్టం, 1348 ఫసలీ. ఫసలీ అంటే మన పహాణీల్లో కనబడేదే, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అంటే 1938-39. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుతున్న కాలం. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చి విడిపోయింది, తెలంగాణ వచ్చింది, ఈ చట్టం మాత్రం ఇక్కడే ఉంది. రాజ్యాంగంలోని 372వ అధికరణం పాత చట్టాలను, ఎవరో ఒకరు రద్దు చేసేదాకా, అలాగే నడవనిచ్చింది. ఎవరో ఒకరు కదిలిస్తేనే అవి పడిపోతాయి. హిజ్రాలను నేరస్థుల్లా రిజిస్టర్లో రాసిపెట్టమన్న 1329 ఫసలీ చట్టం, 1919 నాటిది, దాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది, అది కూడా ఆ సమాజం వాళ్లే కోర్టుకెక్కాక. మేం సభ పెట్టిన ఏడాదే, 2024 జులై 1 నుంచి, బ్రిటిష్ కాలపు శిక్షాస్మృతుల స్థానంలో కొత్తవి వచ్చాయని దేశమంతా చెప్పుకున్నాం. జనం నోట్లో నానిన 144 సెక్షన్ ఇప్పుడు 163 అయింది. గుంపు కూడొద్దనే అధికారం మాత్రం అలాగే ఉంది.

ఇది చదువుతుంటే నాకు బాగా తాకింది మన తెలుగువాళ్ల చరిత్రే. 1921 నవంబర్‌లో, ఇదే హైదరాబాద్‌లో, వివేకవర్ధని థియేటర్‌లో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానంతో ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఆ తర్వాత సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలన్న నిజాం ఉత్తర్వు, గస్తీ నిషాన్ 53తో మనవాళ్లు ఎన్ని తిప్పలు పడ్డారో. ఆ తిప్పల మధ్యే 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. పదో తరగతి పిల్లలకు ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ, అది పోయిన కాలం అన్నట్టే చెప్పాను.

లాయర్ స్నేహితురాలు ఒక తీర్పు పంపింది. అహ్మదాబాద్‌లో ఒకాయన వీధిలో సభకు అనుమతి అడిగితే పోలీసు కమిషనర్ ఇవ్వలేదు, హిమత్‌లాల్ షా కేసు, 1972లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ తీర్పు చెప్పింది. సభలు సవ్యంగా జరిగేలా ప్రభుత్వం నియమాలు పెట్టొచ్చు, కానీ ఏ ప్రాతిపదికా చెప్పకుండా ఇష్టమైతే ఇవ్వడం, లేకపోతే లేదనడం అనే అధికారం అధికారికి ఇస్తే 19వ అధికరణంలోని సభా హక్కుకు అర్థం లేదన్నది దాని సారం. వీధిలోనే అంత హక్కు ఉంటే, నాలుగు గోడల హాల్లో నూరు కుర్చీల సంగతి ఏమిటి? సెప్టెంబర్ 16న నేను తెలుగులోనే ఒక లేఖ రాశాను, కోపం లేకుండా. ఆగస్టు 28 స్టాంపు కాపీ జత చేసి, నిరాకరిస్తే కారణాలతో లిఖితపూర్వకంగా ఇవ్వండి, షరతులు పెడితే పాటిస్తాం అని. స్టేషన్‌కు ఒకటి, పై అధికారి కార్యాలయానికి ఒకటి, రిజిస్టర్డ్ పోస్టులో.

నిమజ్జనం అయ్యాక ఫోన్ వచ్చింది. ఇది ఆ లేఖ వల్లో, పండుగలు ప్రశాంతంగా గడిచి వాళ్లకు ఊపిరి ఆడటం వల్లో చెప్పలేను, రెండూ అయ్యుండొచ్చు. ఇరవై రోజులుగా సరిగా ఇంటికి పోని ఆ స్టేషన్ సిబ్బంది ముఖాలు నేను చూశాను, నిప్పురవ్వ పడితే ఏమవుతుందోనన్న వాళ్ల భయం ఉత్తిది కాదు. అయినా భద్రత అనే మాట వచ్చినప్పుడల్లా మొదట నోరు మూసుకోవాల్సింది వెనక ఎవరూ లేనివాళ్లేనా అని ఎస్ఐ గారినే అడిగాను. అదే వారం మా మెయిన్ రోడ్డు మీద ఒక నాయకుడి స్వాగత సభ రాత్రి పదిన్నర దాకా మోగింది. ఎస్ఐ గారు తల దించుకుని, షరతుల కాగితం నా ముందు పెట్టారు. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది, మైకు హాలు దాటి వినిపించకూడదు, నినాదాలు ఉండకూడదు, రెచ్చగొట్టే మాటలు ఉండకూడదు. అన్నింటికీ సంతకం పెట్టాను.

ఆదివారం నూట నలభై మంది వచ్చారు, పిల్లలు కింద చాపల మీద కూర్చున్నారు. అవ్వ మైకు పట్టుకోలేదు, నేను పట్టుకున్నాను. తుపాకుల మోత విని తల్లితో గుట్టల్లోకి పరుగెత్తడం, రెండు రోజులు పచ్చి పెసరకాయలు తిని ఉండటం, తిరిగొచ్చాక మేనమామ ఇంటి ముందు చెప్పులు మాత్రం ఉండటం చెప్పింది. చాచా వంతు వచ్చేసరికి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, సంతకు పోయిన నాన్న రాలేదని, పక్కింటి లింగాయత్ ముసలాయన తనను, అమ్మను, చెల్లెల్ని గాదెలో దాచి పైన జొన్నలు కప్పాడని, ఆ జొన్నల దుమ్ముకు చెల్లెలు దగ్గబోతే అమ్మ ఆమె నోరు అదిమిపట్టిందని చెప్పాడు. హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. అవ్వ ముందు వరసలోంచే అడిగింది, "నలభై ఏండ్ల నుంచి నీ దుకాణం ముందల నుంచే పోతున్న, ఎన్నడు చెప్పకపోతివేంది?"

"ఎవరడిగిన్రు అమ్మా" అన్నాడు చాచా.

ఈ ఏడాది మళ్లీ పెడుతున్నాం. ఈసారి ఇంకో ఐదుగురు మాట్లాడతామన్నారు, ఇద్దరు ఫోన్ చేసి వాళ్లంతట వాళ్లే అడిగారు. దరఖాస్తు రెండు కాపీలతో వెళ్లాను. పైన ‘విషయం’ దగ్గర ‘సభకు అనుమతి కోరుతూ’ అని రాయకుండా ‘సభ జరుపుతున్నట్టు సమాచారం, బందోబస్తు కోసం విజ్ఞప్తి’ అని రాశాను. రైటర్ గారు చదివి, పెన్నుతో ‘సమాచారం’ కొట్టేసి పైన ‘అనుమతి’ అని రాసి, దాని పక్కనే స్టాంపు వేసి నా కాపీ నాకిచ్చారు. ఆ కాపీ ఫైల్లో పెట్టుకుని, ఆ రోజే ‘సమాచారం’ అన్న మాటతోనే ఇంకో లేఖ రాసి పై అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను.