ఉపా కేసులో మా తమ్ముడికి బెయిల్: నా అనుభవం

మొన్న శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు మా తమ్ముడు జైలు గేటు దాటి బయటికొచ్చాడు. రెండేళ్ల నాలుగు నెలలు. ఇల్లు చేరేదాకా అమ్మ వాడి చెయ్యి వదల్లేదు. నాకింకా సరిగా నిద్ర పట్టడం లేదు. అన్నీ గుర్తున్నప్పుడే రాసిపెడితే ఇలాంటి కేసులో చిక్కుకున్న ఇంకో ఇంటికి పనికొస్తుంది.

వాడు ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాడు. ఒక ప్రజాసంఘంలో సభ్యుడు. నిషేధిత పార్టీ సమావేశానికి వెళ్లాడని, ఇంట్లో ఆ పుస్తకాలు దొరికాయని ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం, యూఏపీఏ) కింద పట్టుకెళ్లారు. రిమాండు, ములాఖత్‌లు, వాయిదాలు అన్ని కేసుల్లో ఉన్నట్టే.

మొదటి వకీలు మాత్రం మమ్మల్ని ముంచాడు. "నెలలో బయటికి తెస్తానమ్మా" అని 60 వేలు తీసుకున్నాడు. ఉపాలో ఛార్జిషీటు వేయడానికి ఉన్న 90 రోజుల గడువును, పీపీ (ప్రభుత్వం తరఫు వకీలు) రిపోర్టు ఇస్తే, కోర్టు 180 రోజులదాకా పొడిగించవచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో, మనిషిని ఇంకా ఎందుకు లోపల ఉంచాలో ఆ రిపోర్టులో రాయాలి. దాన్ని వ్యతిరేకించాల్సిన రోజు ఆయన కోర్టుకే రాలేదు. మాకు 174వ రోజు ఛార్జిషీటు వేశారు. మీరు మాత్రం రోజులు లెక్కపెట్టుకోండి. గడువు దాటిన మర్నాడే, ఛార్జిషీటు పడకముందే, బెయిల్ పిటిషన్ వేయండి. ఛార్జిషీటు పడ్డాక వేస్తే ఆ హక్కు ఉండదు.

ఇక నన్ను ఏడిపించిన సంగతి. సమావేశం జరిగిందని పోలీసులు రాసిన రోజున తమ్ముడు కాలేజీలో ప్రాక్టికల్స్ చేయిస్తున్నాడు. పొద్దున, మధ్యాహ్నం రెండు బ్యాచ్‌ల రిజిస్టర్‌లోనూ వాడి సంతకం ఉంది. దాని కాపీ కోసం మూడు వారాలు తిరిగాను. ప్రిన్సిపాల్ నన్ను గదిలోకి రానివ్వలేదు, వరండాలోనే నిలబెట్టి మాట్లాడాడు. చివరికి స్టాంపు వేసి ఇచ్చాడు. ఆ సాయంత్రం అమ్మతో "తమ్ముడు వచ్చేసినట్టే" అన్నాను.

ప్రత్యేక కోర్టులో వాదనలు పావుగంట కూడా సాగలేదు. మా వకీలు రిజిస్టర్ కాపీ ఇవ్వగానే పీపీ లేచి "సెక్షన్ 43డి(5)" అన్నాడు. జడ్జిగారు "ఇది ట్రయల్‌లో చూపించుకోండి" అని పక్కన పెట్టారు. నేను వెనక బెంచీలోంచి లేచి "సార్, వాడి సంతకం ఉంది, ఒక్కసారి చూడండి" అన్నాను. కానిస్టేబుల్ నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. వరండాలో ఎవరో "టెర్రరిస్టు కేసంట" అన్నారు. పదహారేళ్లుగా పిల్లలకు లెక్కలు చెప్తున్నాను. నన్నెవరూ ఏ గదిలోంచీ అలా బయటికి తేలేదు. బెయిల్ కొట్టేస్తూ ఇచ్చిన 14 పేజీల ఆర్డర్‌లో ఆ రిజిస్టర్ గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది.

చాలా రోజులు జడ్జిగారినే తిట్టుకున్నాను. హైకోర్టులో మేం పెట్టుకున్న వకీలు, నాకన్నా చిన్నమ్మాయి, అసలు విషయం విప్పి చెప్పింది. ముంబై దాడుల తర్వాత, 2008 చివర్లో, ఉపాలో ఈ 43డి(5) సెక్షన్ చేర్చారు. కేసు డైరీ, ఛార్జిషీటు చూశాక ఆరోపణ పైకి నిజమేనని నమ్మే కారణాలు కోర్టుకు కనిపిస్తే బెయిల్ ఇవ్వకూడదు. బెయిల్ దశలో సాక్ష్యాలను లోతుగా తూచకూడదని 2019లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "తమ్ముడు తప్పు చేశాడా లేదా అని ఇప్పుడు చూడరక్కా. పోలీసులు రాసింది రాసినట్టే తీసుకుంటే నేరం కనిపిస్తుందా, అంతే. మన కాగితాలతో కాదు, వాళ్ల కాగితాలతోనే కొట్లాడాలి" అంది.

ఛార్జిషీటు 2,300 పేజీలు. స్కూలు నుంచి వచ్చి రోజూ రాత్రి చదివాను. తమ్ముడి మీద ఉన్నవి సహనిందితుడు పోలీసు కస్టడీలో ఇచ్చిన వాంగ్మూలం, సంఘం వాళ్లతో ఫోన్ కాల్స్, పుస్తకాలు. పంచనామాలో పుస్తకాలు 9, ఛార్జిషీటులో 14. దాన్ని పట్టింది నేనే, ఇద్దరు వకీళ్లూ చూడలేదు. ఇంట్లోవాళ్లు ఛార్జిషీటు చదవాలి, వకీలు మీద వదిలేయకూడదు. పెట్టిన సెక్షన్లు కూడా చూసుకోండి. చట్టవిరుద్ధ కార్యకలాపాలకు పెట్టే సెక్షన్ 13 ఒక్కటే ఉంటే ఈ 43డి(5) అడ్డం రాదు.

బెయిల్ కొట్టేసిన ఆర్డర్ మీద హైకోర్టులో అప్పీలు 30 రోజుల్లో వేయాలి, ఇద్దరు జడ్జీలు వింటారు. మా వకీలు రిజిస్టర్ ఊసే ఎత్తలేదు. పుస్తకాలు దొరికినంత మాత్రాన ఉగ్రవాదం కాదన్న 2023 నాటి వెర్నన్ గొన్సాల్వెస్ తీర్పు చూపించింది. విచారణ ఇప్పట్లో తేలదనుకున్నప్పుడు, మనిషి ఏళ్లుగా లోపలే ఉన్నప్పుడు, 43డి(5) ఉన్నా హైకోర్టు బెయిల్ ఇవ్వొచ్చన్న 2021 నాటి నజీబ్ తీర్పు చదివింది. మా కేసులో సాక్షులు 112 మంది, ఒక్కరినీ విచారించలేదు. "ఆ వాంగ్మూలం కాకుండా ఇంకేముంది?" అని జడ్జిగారు పీపీని రెండుసార్లు అడిగారు. తొమ్మిది రోజుల తర్వాత బెయిల్ ఆర్డర్ వచ్చింది.

షూరిటీలు ఇద్దరు కావాలన్నారు. బాబాయి ఫోన్ ఎత్తలేదు. మా స్కూలు అటెండర్ భార్య తన ఇంటి కాగితాలు పట్టుకుని అడగకుండానే వచ్చింది. ఆమె మేలు మా ఇంట్లో ఎవరమూ మరవం.

ట్రయల్ ఇంకా మొదలే కాలేదు. రిజిస్టర్ కాపీ బీరువాలో, అమ్మ చీరల కింద ఉంది. ప్రతి సోమవారం స్టేషన్‌లో సంతకం పెట్టాలని షరతు. రేపు మొదటి సోమవారం, స్కూలుకు సెలవు పెట్టి వాడితో నేనూ వెళ్తున్నాను.