ఇంట్లో పాటల సెటప్: వంటగది ప్లేయర్ మొదలైంది, ట్యాగుల పని నడుస్తోంది

ముందు ఇప్పటి పరిస్థితి చెప్తాను. పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ లినక్స్ మీద లిరియన్ మ్యూజిక్ సర్వర్ (మన డిస్క్‌లో పాటలను ఇంట్లోని ప్లేయర్లకి పంపే సాఫ్ట్‌వేర్) నడుస్తోంది, పాటలన్నీ దానికి తగిలించిన హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. హాల్లో ఆంప్లిఫయర్‌కి రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు కలిపి ఉంది, ఇప్పుడు కొత్తగా వంటగదిలో అందులోనే ఇంకా చిన్నదైన రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ పెట్టాను. రెండు గదుల్లోనూ ఒకే పాట కలిసి వస్తోంది, ఇటు నుంచి అటు నడిచినా ఎక్కడా రెండు గొంతులు వినిపించడం లేదు.

లిరియన్ ఎంచుకోవడానికి కారణం దాని చరిత్రే. స్లిమ్ డివైసెస్ అనే చిన్న కంపెనీ, ఇంటి నెట్‌వర్క్ మీద సర్వర్ నుంచి పాటలు వినిపించే స్క్వీజ్‌బాక్స్ ప్లేయర్లు తయారు చేసేది. 2006లో లాజిటెక్ దాన్ని కొనేసింది, 2012లో ఆ ప్లేయర్లు ఆపేసింది, 2024లో వాటి ఆన్‌లైన్ సర్వీసు కూడా మూసేసింది. మామూలుగా అయితే ఆ పెట్టెలన్నీ ఈపాటికి పాత సామాన్ల వాడికి వెళ్లిపోవాలి. కానీ సర్వర్ సాఫ్ట్‌వేర్ మొదటినుంచీ ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూసి మార్చుకోవచ్చు), ప్లేయర్ దానితో మాట్లాడే పద్ధతి దాపరికం లేనిది, అందుకే వాడేవాళ్లే దాన్ని భుజానికెత్తుకుని లిరియన్ అని పేరు మార్చి నడిపిస్తున్నారు, ఇంట్లో సర్వర్ పెట్టుకున్నవాళ్ల పాత స్క్వీజ్‌బాక్స్‌లు ఇప్పటికీ పాడుతున్నాయి.

దీని పక్కన క్రోమ్‌కాస్ట్ ఆడియో సంగతి చూడండి, ఫోన్లో పాటని మామూలు స్పీకర్లకి పంపే గూగుల్ పరికరం అది. 2015లో వచ్చింది, చాలా మంచి పరికరం, 2019లో ఆపేశారు. 2025 మార్చిలో లోపలి సర్టిఫికెట్ (అది అసలైన పరికరమేనని ఫోన్లకి చూపే డిజిటల్ గుర్తింపు) గడువు తీరిపోయేసరికి, పరికరంలో ఏ లోపమూ లేకపోయినా ఫోన్లు దాన్ని నమ్మకమైనది కాదని తిరస్కరించాయి. గూగుల్ అప్‌డేట్ పంపి సరిచేసింది, నిజమే. కానీ ఆ లోపు మామూలు సొంతదారు చేయగలిగింది పెద్దగా ఏమీ లేదు. అందుకే ఏది కొనాలన్నా ఒకటే చూస్తాను: కంపెనీ సర్వర్ ఆగిపోయిన రోజు కూడా నా డిస్క్‌లో పాట నా స్పీకర్లో వస్తుందా? కోడ్ అంతా బయట పెట్టారా లేదా అన్నది నాకు దీని తర్వాతే.

ఇక వంటగది ప్లేయర్. జీరో 2 డబ్ల్యూకి హెడ్‌ఫోన్ జాక్ ఉండదు కాబట్టి పీసీఎం5102 డాక్ (డీఏసీ, అంటే డిజిటల్ పాటని స్పీకర్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది) బోర్డు కావాలి, ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. వైర్లు ఇలా, ముందు డాక్ బోర్డు మీది పేరు, తర్వాత పై మీది పిన్: బీసీకే పిన్ 12కి, ఎల్‌ఆర్‌సీకే పిన్ 35కి, డిన్ పిన్ 40కి, విన్ 5 వోల్టులకి, గ్రౌండ్ గ్రౌండ్‌కి. ఎస్‌సీకేని కూడా గ్రౌండ్‌కే కలిపేయాలి. బోర్డు వెనక నాలుగు చిన్న జంపర్లు ఉంటాయి, కొన్నిసార్లు వాటిని టంకం వేయకుండానే అమ్ముతారు. వాటి పక్కన రాసిన ఎల్, హెచ్ గుర్తుల్లో 1, 2, 4 ఎల్ వైపు, 3 మాత్రం హెచ్ వైపు కలిపి ఉండాలి. ఆ మూడోది మ్యూట్ పిన్, అది ఎల్ వైపు ఉంటే మిగతా అంతా సరిగ్గా ఉన్నా చుక్క శబ్దం రాదు, మీరు సాఫ్ట్‌వేర్‌లో వెతుక్కుంటూ కూర్చుంటారు.

ఎస్‌డీ కార్డులో పైకోర్‌ప్లేయర్ వేశాను, అది పైని లిరియన్ ప్లేయర్‌గా మార్చే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్. కరెంటు పోయే ఇళ్లకి ఇంతకన్నా మంచిది నేను చూడలేదు, ఎందుకంటే బూట్ అయ్యాక సిస్టమ్ అంతా ర్యామ్‌లోనే నడుస్తుంది, కార్డు మీద రాసే పని దాదాపు ఉండదు, ప్లగ్ పీకేసినా కార్డు పాడవుతుందన్న టెన్షన్ లేదు. సెట్టింగ్ ఏదైనా మారిస్తే మాత్రం బ్యాకప్ నొక్కి కార్డులోకి సేవ్ చేయడం మర్చిపోవద్దు. ప్లేయర్‌కి సర్వర్ కనిపించకపోతే రౌటర్‌లో ఏపీ ఐసొలేషన్ (వైఫైలో పరికరాలు ఒకదానికొకటి కనిపించకుండా చేసే సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో చూడండి, గెస్ట్ నెట్‌వర్క్‌లో కూడా ఇదే ఇబ్బంది. జీరో 2 డబ్ల్యూకి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే ఉంది, సీడీ నాణ్యత ఫ్లాక్‌కి (నాణ్యత తగ్గకుండా కుదించిన పాటల ఫైలు) అది హాయిగా చాలుతుంది.

అసలు చాకిరీ అంతా ట్యాగుల దగ్గరే, అంటే పాట ఫైల్లోనే రాసి ఉండే ఆల్బమ్, గాయకుల పేర్ల లాంటి వివరాల దగ్గర. ఈ ప్రోగ్రాములన్నీ ఆల్బమ్ అంటే ఒకే గాయకుడిది అనుకుని రాసినట్టు ఉంటాయి, మన సినిమా ఆల్బమ్‌లో పాటకొక జంట పాడతారు. ఆల్బమ్ ఆర్టిస్ట్ ట్యాగ్ ఖాళీగా ఉంటే గాయకుల జాబితా చిందరవందర అయిపోతుంది. నేను ఆల్బమ్ ఆర్టిస్ట్‌లో సంగీత దర్శకుడి పేరు, కంపోజర్‌లో కూడా అదే పేరు, ఆర్టిస్ట్‌లో గాయకులను సెమికోలన్‌తో విడదీసి పెడుతున్నాను. లిరియన్ సెట్టింగ్స్‌లో సెమికోలన్ దగ్గర విడగొట్టమని చెప్పి మళ్లీ స్కాన్ చేయిస్తే బాలు గారి పాటలన్నీ ఒకచోటికి, జానకమ్మ పాటలన్నీ ఒకచోటికి వచ్చేస్తాయి, యుగళగీతం ఇద్దరి దగ్గరా కనిపిస్తుంది. పేరు మాత్రం అన్నిచోట్లా ఒకేలా రాయాలి, ఒక్క చుక్క తేడా వచ్చినా ఇంకో మనిషి అనుకుంటుంది. పాత ఎంపీ3ల ట్యాగుల్లో ఇరికించిన వెబ్‌సైట్ల పేర్లను, ఎంపీ3ట్యాగ్ అనే ట్యాగులు మార్చే ప్రోగ్రాములో పాటలన్నీ ఒకేసారి ఎంచుకుని తీసేస్తున్నాను.

కంపెనీ యాప్‌తోనే నడిచే క్లోజ్డ్ స్మార్ట్ స్పీకర్లకి ఉన్న సుఖం కూడా చెప్పాలి. పెట్టె విప్పి, యాప్‌లో ఖాతా తెరిచి, పది నిమిషాల్లో పాట వినొచ్చు. స్ట్రీమింగ్ సర్వీసులు అందులోనే ఉంటాయి. నా సెటప్‌లో స్పాటిఫై రావాలంటే ప్లగిన్ (లిరియన్‌కి అదనంగా తగిలించే ప్రోగ్రాము) కావాలి, దానికి ప్రీమియం ఖాతా కావాలి, ఆ ప్లగిన్ అధికారికం కాదు కాబట్టి వాళ్లు ఏదైనా మారిస్తే ఎప్పుడైనా ఆగిపోవచ్చు. స్ట్రీమింగ్ తప్ప సొంత పాటలు లేనివాళ్లకి నేనిది చెప్పను. క్యాసెట్ల నుంచి, సీడీల నుంచి ఎక్కించుకున్నవి ఉంటే మాత్రం కచ్చితంగా చెప్తాను.

అమ్మ ఫోన్‌లో మెటీరియల్ స్కిన్ (బ్రౌజర్లో లిరియన్‌ని నడిపించే పేజీ) పేజీకి షార్ట్‌కట్ పెట్టాను, తనకి కావాల్సినవి ఫేవరెట్స్‌లో ఉన్నాయి, పొద్దున్న సుప్రభాతానికి లిరియన్‌లోనే అలారం ఉంది. ఇక మిగిలింది డిస్క్‌కి రెండో కాపీ తీసి వేరే ఇంట్లో ఉంచడం, నాన్నగారి హరికథల క్యాసెట్లు ఎక్కించడం. క్యాసెట్ డెక్‌కి కొత్త బెల్టు ఆర్డర్ చేశాను, అది వచ్చాక రికార్డింగ్ లెవెల్స్ ఎలా పెట్టానో రాస్తాను.