కోడికి అమ్మమ్మ గొంతు

ఆదివారం, రాత్రి 9.30

చెల్లెలు చిట్టిని మా ఇంట్లో దింపి పెళ్లికి వెళ్లింది. చిట్టి ఒకటో తరగతి. చెప్పులు విప్పుతూనే "పెద్దమ్మా, ట్యాబ్ ఇవ్వవా?" అంది. స్క్రాచ్ జూనియర్ తెరిచి ఇచ్చాను. ఎంఐటీ మీడియా ల్యాబ్, టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్లు మరికొందరితో కలిసి 2014లో తెచ్చిన ఉచిత యాప్ అది. 5 నుంచి 7 ఏళ్ల పిల్లల కోసం చేశారు. తెర మీద ఒక పిల్లి, కింద రంగురంగుల బిళ్లలు. నీలం బిళ్లలు కదలడానికి, ఆకుపచ్చవి శబ్దాలకు. వరసగా అతికిస్తే పిల్లి ఆ వరసలోనే నడుచుకుంటుంది. చదివితే తప్ప అర్థం కాని మాటలు బిళ్లల మీద ఉండవు, అన్నీ బొమ్మలూ అంకెలే. ఇంగ్లిష్ ఇంకా కూడబలుక్కుంటున్న పిల్ల ఎవర్నీ అడగకుండా పనిలో పడిందంటే అందుకే. ఈ యాప్ అంటే నాకు గౌరవం కూడా అందుకే.

పొలం బొమ్మ వెనకాల పెట్టుకుని, ఆ చివర ఒక కోడిని నిలబెట్టింది. పిల్లి దాని దగ్గరికి వెళ్లాలి. ఎన్ని గడులు కదలాలో చెప్పే నీలం బిళ్ల మీద 5 వేస్తే మధ్యలోనే ఆగింది. 15 వేస్తే కోడిని దాటిపోయింది. "ఎన్ని వెయ్యాలి పెద్దమ్మా?" అంది. నేనేమీ చెప్పకుండా గడులు కనిపించే మీట నొక్కాను. వేలు పెట్టి గడి గడీ లెక్కపెట్టింది. 10 వచ్చింది. వేసి చూస్తే పిల్లి వెళ్లి కోడి మీదెక్కింది! కాసేపు అలాగే చూసి, "ఆఁ... వైకుంఠపాళీలో లాగా మనమున్న గడి లెక్కపెట్టకూడదు" అని 9 వేసింది. ఆ క్షణంలో దాని మొహం చూసి తీరాలి.

తర్వాత మైకు. వంటింటి గుమ్మంలో గోంగూర వలుస్తున్న అమ్మ దగ్గరికి పరిగెత్తి, "అమ్మమ్మా, నువ్వు కోడిలా మాట్లాడు" అంది. అమ్మ చేతులు దులుపుకుని ట్యాబ్ మీదకి వంగి, "ఏం పిల్లీ, పొద్దున్నే ఇటొచ్చావు? ఇక్కడ పాల్లేవు!" అంది. పిల్లి తగలగానే కోడి ఆ మాట అనేలా చిట్టి బిళ్లలు అతికించింది. తన గొంతు విని అమ్మ, "ఆగవే, సరిగా రాలేదు, ఇంకోసారి" అని మళ్లీ చెప్పింది. గోంగూర అలాగే ఉండిపోయింది.

2 నుంచి 4 ఏళ్ల పిల్లలకు తెర ముందు కూర్చునే సమయం రోజుకు గంట దాటకూడదని, అంతకన్నా తగ్గితే ఇంకా మంచిదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. చిట్టి ఆ వయసు దాటింది కానీ, గడియారం మీద ఒక కన్ను నాకు ఉంటుంది. గంటలతో పాటు ఆ కాసేపట్లో పని చేస్తున్నదెవరో కూడా చూస్తాను. తెలుగులో చిన్నపిల్లలకు దొరికే పాటల వీడియోలకు కొదవ లేదు. వాటి ముందు పిల్లలు చేసేది చూడటమే. కంప్యూటర్‌ని పిల్లలే ఆడించాలని 1967లో లోగో అనే కంప్యూటర్ భాష తయారుచేసిన సేమూర్ పాపర్ట్ వాళ్లు కోరుకున్నారు. ఇవాళ మా ఇంట్లో జరిగింది అదే, అదీ మన తెలుగులో.

రెండో పేజీలో కోడి పిల్లి ఇంటికి చుట్టంగా వెళ్లాలట. ఒక కథకు 4 పేజీలదాకా పెట్టుకోవచ్చు. ఈసారి ఆవు కూడా వస్తుంది, దానికి తాతయ్య గొంతే కావాలంది. నాన్నకి ఇప్పుడే చెప్పేశాను.