నార్మల్ రిపోర్టు, చేతికి తగిలే గడ్డ

రొమ్ము క్యాన్సర్‌కి కీమో ముగిసి పద్నాలుగు నెలలైంది. మొన్న తీసిన మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) శుభ్రంగా ఉంది. ఇన్నాళ్లూ దీని గురించి రాద్దామని కూర్చుంటే కోపమే ముందొచ్చేది. ఇప్పుడు కాస్త కుదురుగా రాయగలను.

మేము చెన్నై పెరంబూర్‌లో ఉంటాం. ఇరవై రెండేళ్లుగా ఇక్కడే ఒక పాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. రొమ్ము గడ్డల్లోంచి తీసిన ముక్కలు ఫార్మలిన్ (పాడవకుండా ఉంచే ద్రవం) సీసాల్లో రోజూ నా చేతికొస్తాయి. అలాంటి నేనే నాలుగు నెలలు పోగొట్టుకున్నాను, ఒక్క మాట నమ్మి.

నాకప్పుడు 48. ఎడమ రొమ్ములో, పైన చంక వైపుగా, బఠాణీ గింజంత గట్టిది స్నానంలో తగిలింది. నొప్పి లేదు. ఎలాగూ మాస్టర్ చెకప్ చేయించుకోవాలి కదా అని ప్యాకేజీలోనే మామోగ్రామ్ తీయించుకున్నాను. బైరాడ్స్ 1, డెన్సిటీ సి అని రిపోర్టు వచ్చింది. బైరాడ్స్ అంటే మామోగ్రామ్‌కి వేసే అంకె, 1 అంటే నార్మల్. డెన్సిటీ సి అంటే రొమ్ములో పాలగ్రంథుల దట్టం ఎక్కువని. గడ్డ తగులుతోందని చెప్తే అక్కడి డాక్టరమ్మ కాగితం మీంచి తలెత్తలేదు, చెయ్యి పెట్టి చూడలేదు. "ఒణ్ణుమిల్లమ్మా, ఏమీ లేదు, రిపోర్టు నార్మల్. నొప్పి లేదంటున్నారుగా, నొప్పి లేని గడ్డకి భయం లేదు. వచ్చే ఏడు చూద్దాం."

ఆ మాటని ఎన్నిసార్లు తలుచుకున్నానో. అందులో రెండు తప్పులున్నాయి. మొదటిది నొప్పి సంగతి. క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పే పెట్టదు. నెలసరికి ముందు రెండు వైపులా సలిపి, తర్వాత తగ్గిపోయే నొప్పి ఎక్కువగా హార్మోన్ల పనే. నొప్పి లేకుండా, గట్టిగా, నెలసరి అయ్యాక కూడా కరగకుండా ఉన్నదాన్నే అనుమానించాలి. రెండోది డెన్సిటీ. ఫిల్ములో కొవ్వు నల్లగా, పాలగ్రంథులు తెల్లగా కనిపిస్తాయి. గడ్డ కూడా తెల్లగానే ఉంటుంది. డెన్సిటీ సి, డి ఉన్న రొమ్ములో గడ్డని వెతకడమంటే పొగమంచులో కొంగని వెతకడమే. అలాంటప్పుడు గడ్డ ఉన్నచోట అల్ట్రాసౌండ్ కూడా చేసి తీరాలి.

నా వైపు పొరపాటూ ఉంది. ఫిల్ము తీసే అమ్మాయికి 'చెకప్' అని మాత్రమే చెప్పాను. "ఇక్కడ గడ్డ తగులుతోంది" అని వేలు పెట్టి చూపిస్తే ఆ చోట చర్మం మీద చిన్న గుర్తు అంటించి తీస్తారు, అదనపు ఫిల్ములు తీస్తారు, రేడియాలజిస్టు ఆ చోటు కోసమే వెతుకుతారు. కాబట్టి లోపలికి వెళ్లగానే ఆ మాట చెప్పండి. నెలసరి ముందు వారం వద్దు, ఒత్తితే నొప్పి ఎక్కువ. ఆ రోజు చంకల్లో పౌడరు, డియోడరెంటు వేసుకోకండి. ఫిల్ములో అవి కాల్షియం చుక్కల్లా కనపడి కంగారు పెడతాయి. ఒక్కో వైపు రెండు ఫిల్ములు, ఒక్కోసారి కొన్ని సెకన్లే ఒత్తుతారు. పాత ఫిల్ములుంటే తీసుకెళ్లండి, పోల్చి చూడటంలోనే సగం పని ఉంది. రిపోర్టులో బైరాడ్స్ 0 అంటే ఏమీ లేదని కాదు, ఇంకా ఫిల్ములు గానీ, స్కాన్ గానీ కావాలని. 3 అయితే క్యాన్సరయ్యే అవకాశం నూటికి రెండులోపే, అయినా ఆరు నెలల్లో మళ్లీ చూపించుకోవాలి. 4, 5 వస్తే సూది పరీక్షే.

నాలుగో నెలకి గడ్డ పెరిగినట్టనిపించి ఇంకో సర్జన్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ చేతులు పైకెత్తించి, నడుం మీద పెట్టించి, పడుకోబెట్టి, రెండు చంకలూ తడిమి చూశారు. మహా అయితే ఐదు నిమిషాలు. అదే రోజు అల్ట్రాసౌండ్‌లో 2.3 సెంటీమీటర్లని తేలింది, అంచులు ముళ్లముళ్లుగా ఉన్నాయి. ఆ ఐదు నిమిషాలకి ఆవిడకి నేను జన్మంతా రుణపడి ఉన్నాను.

మర్నాడు పొద్దున కోర్ బయాప్సీ (సూదితో గడ్డ ముక్క తీసే పరీక్ష) అంటే అత్తయ్య వణికిపోయింది. "వద్దే అమ్మాయ్, సూది గుచ్చితే రెచ్చి ఒళ్లంతా పాకుతుందంటారు." పాకదు. గుచ్చకుండా వదిలేస్తేనే పాకుతుంది. అంతకంటే ప్రమాదం, ఏమిటో తేలకముందే వీధి చివరి నర్సింగ్‌హోమ్‌లో "చిన్న గడ్డే, తీసేద్దాం" అని కోయించుకోవడం. అంచులు మిగిలిపోతాయి, రెండోసారి కోయాల్సొస్తుంది. ముందు సూది, తర్వాతే కత్తి. మత్తు ఇంజెక్షను చేసి, స్కాన్‌లో చూస్తూ 14 గేజ్ సూదితో నాలుగైదు ముక్కలు తీస్తారు. స్టాప్లర్ కొట్టినట్టు టప్పుమంటుంది, ఉలిక్కిపడకండి. తర్వాత పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. రక్తం పల్చబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి.

ఇక సీసా సంగతి. ముక్కల్ని వెంటనే 10 శాతం ఫార్మలిన్‌లో వెయ్యాలి, ముక్కలకి కనీసం పది రెట్లు ద్రవం ఉండాలి. సెలైన్‌లో వేసి పంపినవి ఎన్నిసార్లు చూశానో! కణాలు పాడైపోతాయి. అందులో కనీసం 6 గంటలు, 72 గంటలకి మించకుండా నానితేనే ఈఆర్, పీఆర్ (గడ్డ హార్మోన్లతో పెరిగేదా అని చూసేవి), హెర్2 (గడ్డని పెంచే ఒక ప్రోటీన్) పరీక్షల్ని నమ్మొచ్చు. ఏ మందు పనిచేస్తుందో చెప్పేవి అవే. హెర్2 '2+' అని వస్తే, అంటే అటో ఇటో తేలకపోతే, జన్యువు చూసే ఫిష్ పరీక్ష అవ్వాలి, అక్కడితో ఆగకూడదు. "రిపోర్టు రేపే కావాలి" అని ల్యాబ్‌ని తొందరపెట్టకండి.

నా సీసా మా ల్యాబ్‌కే వచ్చింది. ఆ రాత్రి గురించి చెప్పాలి. సాయంత్రం ఆరింటికి ముక్కల్ని ప్రాసెసర్‌లో, అంటే వాటికి మైనం పట్టించే మిషన్‌లో పెడతారు. మిగతావాళ్లకి అది ఎదురుచూసే రాత్రి, అంతే. నాకు మాత్రం గంటగంటకీ లోపలేం జరుగుతోందో తెలుసు. పదింటికి ఆల్కహాల్‌లో ఉంటుంది, నీరు పోతోంది. రెండింటికి జైలీన్, ఆ ఆల్కహాల్‌ని తీసేసే ద్రవం. నాలుగింటికి అరవై డిగ్రీల మైనం. ఆయన పక్కన నిద్రపోతున్నట్టు నటిస్తున్నారు, నాకు తెలుస్తూనే ఉంది. తెల్లారితే నాతో పనిచేసే పిల్ల ఆ మైనం దిమ్మని నాలుగు మైక్రాన్ల పొరలుగా కోసి, రంగు వేసి, స్లైడు మీద నా పేరు చూస్తుంది. ఆ రాత్రి వెంకన్నకి జుట్టు మొక్కుకున్నాను.

క్యాన్సరే. ఈఆర్ పాజిటివ్. చంకలో గ్రంథులకి పాకలేదు. రొమ్ము ఉంచి గడ్డ మాత్రం తీశారు, కీమో నాలుగు సైకిళ్లు, రేడియేషన్ 15 రోజులు, ఇప్పుడు రోజూ హార్మోన్‌ని అడ్డుకునే మాత్ర టామాక్సిఫెన్ 20 మిల్లీగ్రాములు. రెండు సెంటీమీటర్లు దాటింది కాబట్టి రెండో స్టేజి అన్నారు. నాలుగు నెలల ముందు ఆ లోపే ఉండేదేమో. ఆ 'ఏమో'ని ఆ చెకప్ సెంటర్‌కి ఇప్పటికీ క్షమించలేను.

అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో పుట్టిన ఊరు ఇది. చెల్లెల్ని క్యాన్సర్‌కి పోగొట్టుకున్న ముత్తులక్ష్మి రెడ్డి గారు పట్టుబట్టి కట్టించారు. అలాంటి ఊళ్లో ఉండి కూడా మనం గడ్డని కొంగు కింద దాచుకుంటాం. టాటా మెమోరియల్ వాళ్లు ముంబై బస్తీల్లో లక్షన్నర మంది ఆడవాళ్లతో ఇరవై ఏళ్లు నడిపిన అధ్యయనం 2021లో వచ్చింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త రెండేళ్లకోసారి చేత్తో పరీక్షిస్తే, 50 దాటిన వాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. మామోగ్రామ్‌కి డబ్బు లేదని ఊరుకోకండి, 30 దాటితే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో చేత్తో చూడమని అడగండి.

రాకుండా చేసుకునేది కొంతే. బిడ్డకి పాలివ్వడం, ముట్లుడిగాక బరువు పెరగకుండా చూసుకోవడం, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం, మద్యం ముట్టకపోవడం. ఇవన్నీ చేసినా రావచ్చు, నాకు వచ్చింది. నాకు 48కి వచ్చింది కాబట్టి మా అమ్మాయికి 38 నుంచే ఏటా చూడాలన్నారు. నాన్న వైపు మేనత్తలకొచ్చినా లెక్కే, ఈ జబ్బు జన్యువు తండ్రి నుంచీ దిగుతుంది.

కీమోకి రాలిన జుట్టు మళ్లీ భుజాల దాకా పెరిగాక తిరుమలలో ఇచ్చి వచ్చాను. వచ్చిన వారానికి అత్తయ్యకి 71 ఏళ్లకి మొదటిసారి మామోగ్రామ్ తీయించాను. బాగానే ఉంది. చేత్తో చూసుకోవడం కూడా నేర్పాను. మూడు వేళ్ల మెత్తటి భాగంతో, రూపాయి బిళ్లంత చుట్లు, ఒక్కోచోట మెల్లగా, ఇంకాస్త, పక్కటెముక తగిలేదాకా. కంఠం ఎముక నుంచి కిందికి, మళ్లీ పైకి, చంక నుంచి రొమ్ముల మధ్య దాకా వరసలు వరసలుగా. చర్మం నారింజ తొక్కలా గుంటలు పడిందా, చనుమొన కొత్తగా లోపలికి పోయిందా, నెత్తురు కారుతోందా అని అద్దంలో చూడటం. నెలసరి ఉన్నవాళ్లు అది అయిన వారానికి చూసుకోవాలి, ఆగిపోయినవాళ్లు నెలకొక రోజు పెట్టుకోవాలి.

"అయితే ఏకాదశి నాడు చూసుకుంటాలే" అంది. ఏకాదశులు నెలకి రెండొస్తాయి అత్తయ్యా అంటే కాసేపు ఆలోచించి, శుక్లపక్షంలోది ఖాయం చేసుకుంది.