ప్రసాదం అడిగినవాళ్లకి

మొదటి రెండేళ్లూ నేను తిరుపతి వెళ్లొచ్చాననే చెప్పాను. గుండు కనబడగానే మన విజయవాడలో ఎవరైనా అడిగేది అదే కదా. "మొక్కు తీరిందా టీచరుగారూ? ప్రసాదం ఏదీ?" ఎదురింటి పిన్నిగారు మరీ పట్టుబట్టేసరికి గాంధీనగర్‌లో మిఠాయి కొట్టుకెళ్లి బూందీ లడ్డూ కొని, చిదిపి, చిటికెడు పచ్చకర్పూరం కలిపి ఇచ్చాను. ఆవిడ కళ్లకద్దుకుని తింది. ఆ పాపం ఏ లెక్కలో పడిందో దుర్గమ్మకే తెలియాలి.

అసలు సంగతి పేనుకొరుకుడు. 2019 శ్రావణమాసంలో ఓ పేరంటానికి పాడదామని తయారవుతుంటే, జడ వేస్తున్న మా వదిన చెయ్యి ఆగిపోయింది. "ఇక్కడ ఇంత నున్నగా ఉందేంటే?" ఎడమ చెవి వెనక రూపాయి బిళ్లంత. దురద లేదు, నొప్పి లేదు. వేలు పెడితే స్టీలు గ్లాసు అడుగులా జారిపోయింది.

ముందు ఇంటివైద్యమే. ఉల్లిపాయ రసం అయింది, తర్వాత మా అత్తయ్య గురివింద గింజ అరగదీసి పట్టించింది. మూడో రోజుకి బొబ్బలు. అది విషపు గింజని చర్మం డాక్టరు చీవాట్లు పెట్టాకే తెలిసింది. ఇందులో పేను కొరికిందీ లేదు, ఒకరి నుంచి ఒకరికి అంటేదీ లేదు. "కాపలా కాయాల్సిన తెల్లకణాలే జుట్టు కుదుళ్లని పరాయివనుకుని మీద పడుతున్నాయమ్మా. కుదుళ్లు చచ్చిపోవు. ఎప్పుడైనా మొలవచ్చు, మళ్లీ రాలనూవచ్చు" అన్నారాయన. చీటీ మీద రాసిన పేరు అలోపేషియా ఏరియేటా. రక్తపరీక్షలో థైరాయిడ్ కూడా బయటపడింది. కొందరికి రెండూ తోడుగానే ఉంటాయట.

నెలకోసారి మచ్చలోకి స్టెరాయిడ్ సూదులు. సన్నటి సూదే, కాని ఒక్కో మచ్చకి పది పన్నెండు పోట్లు. నేను తాళం వేసుకుంటూ లెక్కపెట్టేదాన్ని. ఆదితాళం కన్నా రూపకంలో తొందరగా అయిపోయినట్టుండేది.

ఒకచోట మొలిస్తే రెండుచోట్ల రాలేది. 2020 చివరికి తలంతా పోయింది, ఆ వెనకే కనుబొమలూ రెప్పవెంట్రుకలూ. మే నెలలో బీసెంట్ రోడ్డులో నడుస్తుంటే నుదుటి చెమటకి అడ్డం ఏదీ లేదు, తిన్నగా కళ్లల్లోకే. ముక్కులో వెంట్రుకలు కూడా పోతాయని నాకెవరూ చెప్పలేదు. తారషడ్జం, అంటే పై 'స', అందుకోబోయేసరికి ముక్కు నీళ్లలా కారేది. నన్నడిగితే పాడేదానికి జుట్టు పోవడం కన్నా ఇదే పెద్ద తిప్పలు.

విగ్గు కొన్నాను, 32 వేలు. అసలు జుట్టుతో చేసిందే. తిరుమలలో భక్తులిచ్చిన తలనీలాల్ని దేవస్థానం వేలం వేస్తుంది కదా, అందులో ఏ తల్లి మొక్కో తిరిగి తిరిగి నా నెత్తికెక్కిందేమో. అలా చూస్తే నేను చెప్పింది పూర్తి అబద్ధం కాదు.

కాని దాని అంచు చెవుల మీద బిగుసుకునేది. శ్రుతిపెట్టె దిండు కింద మోగుతున్నట్టుండేది. శ్రుతి కిందికి జారుతోందని వయొలిన్ అన్నయ్యగారు రెండు కచేరీల్లో కనుసైగ చేశారు. మూడో కచేరీలో స్వరకల్పన ఊపులో తల ఆడించేసరికి విగ్గు అంగుళం పక్కకి జరిగింది. ముందు వరసలో ఓ చిన్నపిల్ల కిసుక్కున నవ్వింది. పాట ఆపలేదు గాని, ఇంటికొచ్చి విగ్గు పెట్టెలో పడేశాను. అది ధైర్యమని నలుగురూ అంటారు. విసుగండీ, ఉత్త విసుగు.

ఆ ఏడు దసరాకి పాడమన్న ఓ సభవాళ్లు ఫోన్ చేశారు. "ఆ గంటన్నరా ఏదో ఒకటి పెట్టుకోండమ్మా. అమ్మవారి ఉత్సవాలు, చూసేవాళ్లకి..." అని మిగతాది మింగేశారు. ఆ మింగిన మాటేమిటో నాకు తెలుసు. వెనకటి రోజుల్లో మన ఇళ్లల్లో ఎవరికి బలవంతాన గుండు చేయించేవాళ్లో ఇంకా ఎవరూ మరచిపోలేదు. పక్కనే మా ఆయన నిక్షేపంలా కాఫీ తాగుతున్నారు. కచేరీ వద్దన్నాను.

ఇంట్లోనే కూర్చుని సాధన చేశాను. చెవులు విప్పుకున్నాక గొంతు మళ్లీ శ్రుతిలో కూర్చుంది. ఎందుకో రోజూ హిందోళమే నోటికొచ్చేది. అందులో రిషభం లేదు, పంచమం లేదు. అయ్యో రెండు స్వరాలు లేవే అని ఆ రాగాన్ని జాలిపడి చూసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అందులోనే సొంతంగా ఓ పాట కట్టాను. "జడ లేదని జాబిలి అలిగిందా" అని పల్లవి. చరణం ఇప్పటికి నాలుగుసార్లు మార్చాను, ఇంకా కుదర్లేదు.

ఇప్పుడు బోడితలతోనే పాడుతున్నాను. మంగళం ముందు ఆ పాట, దానికి ముందు రెండు ముక్కలు: "నాకు పేనుకొరుకుడు. ఇది అంటదు." అంతే. ఆ అంతేకి సత్యనారాయణపురంలో మా ఇంటికి ఆదివారాలు ఆడవాళ్లు రావడం మొదలైంది. పదకొండేళ్లుగా మొగుడికి తెలియకుండా విగ్గు పెట్టుకుంటున్న ఆవిడ వచ్చింది. డెంగీ వచ్చి తగ్గిన మూడు నెలలకి కుచ్చులు కుచ్చులుగా రాలుతోందని ఏడుస్తూ ఒకమ్మాయి వచ్చింది. అది నా జబ్బు కాదు, పెద్ద జ్వరాల తర్వాతా కాన్పుల తర్వాతా అలా రాలినా చాలావరకు దానంతటదే వస్తుంది. కూచిపూడి నేర్చుకునే పిల్లకి నుదుటి అంచంతా పల్చబడిపోయింది. ఏళ్ల తరబడి సవరం పెట్టి లాగి కట్టిన జడ బరువది. వాళ్లమ్మకి నచ్చకపోయినా చెప్పాను, ప్రదర్శన రోజు తప్ప వదులుగా కట్టమని. జుట్టు పోవడాలన్నీ ఒకటి కాదు, ముందు చర్మం డాక్టరుకి చూపించండి, థైరాయిడ్, ఐరన్ పరీక్షలు అవసరమేమో అడగండి అని పాటకన్నా ఎక్కువసార్లు ఇదే పాడుతున్నాను. విగ్గు పెట్టుకునేవాళ్లని మాత్రం ఒక్కమాట అనను. నాది నాకు సరిపడలేదు, అంతవరకే.

మందు కూడా మారింది. తీవ్రమైన పేనుకొరుకుడుకి బారిసిటినిబ్ అనే మాత్రని అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2022లో ఒప్పుకుంది. టీబీ, కాలేయం, కొవ్వు పరీక్షలన్నీ చేయించి మా డాక్టరు నాకూ మొదలుపెట్టారు. ఆరో నెలకి కనుబొమలొచ్చాయి, ముక్కు నెమ్మదించింది. తల మీద ముందు తెల్లటి నూగు, తర్వాత అక్కడక్కడ నలుపు, వేసవిలో కృష్ణలో తేలే లంకల్లా. మాత్ర ఆపితే మళ్లీ రాలొచ్చన్నారు. రాలితే రాలనీ అనేంత వేదాంతం నాకింకా రాలేదు. రోజూ అద్దంలో లంకలు లెక్కపెట్టుకుంటాను.

మొన్న కచేరీకెళ్తూ పూలకొట్టు దగ్గర ఆగాను. ఒకప్పుడు రోజూ రెండు మూరలు కొన్నచోటే. గుండయ్యాక ఆవిడ నన్ను చూసి చూడనట్టు తల తిప్పుకునేది, పాపం నొప్పిస్తానేమోనని. ఈసారి తనే పిలిచింది.

"అమ్మా, మా కోడలికి కూడా వెనకాల బిళ్లంత ఊడింది. అత్తారింటోళ్లం ఏదో చేశామని వాళ్ల పుట్టింట్లో గొడవ. నీకు చూపించమంటావా?"

"ఆదివారం తీసుకురా. గురివింద గాని రాయకండి."

"రాసేశామమ్మా."

మల్లెలు రెండు మూరలు కొలిచి, తలవైపు చూసి ఆగింది.

"శ్రుతిపెట్టెకి చుడతాలే, ఇలా ఇయ్యి."